100 ఆక్టేన్ పోసినా ఆగని నాకింగ్: ఒక టర్బో కారు కేసు, పెట్రోల్ కలిపే లెక్కలు

టర్బో పెట్రోల్ బండి ఉన్నవాళ్ళు ఈమధ్య నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "అన్నా, 100 పోయించమంటావా, లేక సగం సగం కలిపితే సరిపోతుందా?" బండి చూడకుండా దీనికి జవాబు లేదు. ఎందుకు లేదో చెప్పడానికి నా దగ్గరున్న కేసుల్లో ఇదే సరైనది, అందుకే రీడింగులతో సహా మొత్తం రాస్తున్నాను.

2025 వేసవి. బండి 2014 మోడల్ యూరోపియన్ సెడాన్. 1.8 లీటర్ల టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే పద్ధతి), కంప్రెషన్ 9.6:1, మాన్యువల్ గేర్లు, మీటర్ లక్షకు దగ్గరలో ఉంది. ఓనర్ కాలేజీ లెక్చరర్, ఉండేది దిల్‌సుఖ్‌నగర్ వైపు, బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఎండల్లో ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్‌లోంచి కటకటమని శబ్దం వస్తోందన్నారు. ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్ళినప్పుడు డ్యాం దాటాక సున్నిపెంట వైపు ఎక్కే మలుపుల్లో ఆ శబ్దం అసలు ఆగనే లేదట, పికప్ కూడా చచ్చిపోయిందట. ఎవరో చెప్పారని అప్పటినుంచి ట్యాంకులో సగం 100 ఆక్టేన్, సగం మామూలు పెట్రోల్ పోయిస్తున్నారు. తగ్గింది, పోలేదు. "ఇంక మొత్తం 100 పోయించేయమంటారా సార్, నెల ఖర్చు చూస్తే భయమేస్తోంది" అన్నారు.

పెట్రోల్ ట్యాంకు మూత వెనక స్టిక్కర్ మీద 95 అని ఉంది, కనీసం 91 అయినా నడుస్తుందని కూడా ఉంది. ఇక్కడ ఆక్టేన్ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. ఆక్టేన్ అంటే పెట్రోల్ బలం కాదు, నొక్కుడుకీ వేడికీ తట్టుకుని ప్లగ్ నిప్పు వేసేదాకా తనంతట తాను అంటుకోకుండా ఆగే గుణం. ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండర్ అవతలి అంచుకి చేరేలోపే అక్కడ మిగిలిన మిశ్రమం వేడికి తనే పేలితే అది నాకింగ్, ఆ కటకట అదే. ఐసో ఆక్టేన్‌కి 100, నార్మల్ హెప్టేన్‌కి 0 అని పెట్టుకుని, కంప్రెషన్ మార్చుకోగలిగే ఒక ప్రామాణిక ఇంజిన్ మీద పరీక్షించి ఈ నంబర్ ఇస్తారు. మన బంకుల్లో రాసే 91, 95, 100 అన్నీ ఆర్ఓఎన్ పద్ధతిలోవే, ఆ పరీక్షలో ఇంజిన్ 600 ఆర్పీఎం మీద తిరుగుతుంది. 900 ఆర్పీఎం మీద, మరింత వేడి గాలితో చేసే ఇంకో పరీక్ష ఉంది, దాన్ని ఎంఓఎన్ అంటారు, అందులో నంబర్ తక్కువ వస్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు ఫోన్ చేసి "ఇక్కడ 87 పెట్రోలే పోస్తున్నారు, మీ 91 కంటే నాసిరకమా" అని అడుగుతుంటారు. కాదు. అక్కడ పంపు మీద వేసేది ఈ రెండు నంబర్ల సగటు, అక్కడి 87 దాదాపు మన 91, 92కి సమానం.

ఇంజిన్‌కి ఎంత ఆక్టేన్ కావాలనేది స్టిక్కర్ మీద నంబర్ ఒక్కటే తేల్చదు. లోపలికి వెళ్ళే గాలి వేడి, బూస్ట్ (టర్బో గాలిని లోపలికి తోసే ఒత్తిడి), సిలిండర్‌లో పేరుకున్న కార్బన్, మిశ్రమంలో గాలికి తగినంత పెట్రోల్ లేకపోవడం, గాలితో పాటు వచ్చే ఆయిల్ ఆవిరి, ఇవన్నీ కలిసి ఆ అవసరాన్ని పెంచుతాయి. 95తో హాయిగా నడవాల్సిన ఇంజిన్ జబ్బు పడితే 98 అడుగుతుంది. అప్పుడు 100 పోస్తే శబ్దం తగ్గుతుంది, జబ్బు మాత్రం లోపలే ముదురుతుంది. ఈ బండిలో సరిగ్గా అదే జరుగుతోంది.

ముందు స్కానర్ పెట్టి బండిని వచ్చినది వచ్చినట్టే, ఆయన కలిపిన మిక్స్ మీదే, ఔటర్ రింగ్ రోడ్డు మీద నడిపాను. మూడో గేర్‌లో 2000 నుంచి 4000 ఆర్పీఎం దాకా ఫుల్ యాక్సిలరేటర్. నాక్ సెన్సర్ శబ్దం పట్టుకున్నప్పుడల్లా కంప్యూటర్ ఆ సిలిండర్ టైమింగ్‌ని, అంటే ప్లగ్ నిప్పు వేసే క్షణాన్ని, వెనక్కి లాగుతుంది, ఎంత లాగిందో సిలిండర్ వారీగా డిగ్రీల్లో కనిపిస్తుంది. మొదటి సిలిండర్ 4.5, రెండోది 6, మూడోది 7.5, నాలుగోది 5.25. బయట 41 డిగ్రీలు, ఇన్‌టేక్ గాలి 61. ఈ తరహా ఇంజిన్‌లో ఎండలో రెండు మూడు డిగ్రీలు లాగడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. ఏడున్నర అంటే మాత్రం ఇంజిన్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడుస్తోందని అర్థం. పికప్ చచ్చిపోవడానికి కారణం కూడా ఇదే, టైమింగ్ అంత వెనక్కి పోతే టార్క్ ఎక్కడినుంచి వస్తుంది?

తర్వాత ట్యాంకులో అసలేముందో చూడాలి. ఈ పని చాలా గ్యారేజీల్లో చేయరు, ఐదు నిమిషాల పని, చేయాలి. 100 మిల్లీలీటర్ల కొలత గాజు సిలిండర్‌లో 20 గీత దాకా నీళ్ళు, పైన 100 గీత దాకా పెట్రోల్ పోసి, మూత బిగించి కుదిపి, మధ్యలో ఒకసారి మూత వదులు చేసి ఆవిరి పోనిచ్చి, కదపకుండా పెట్టాలి. ఆరుబయట, చేతులకి గ్లవ్స్‌తో, దగ్గరలో నిప్పు లేకుండా. ఇథనాల్ పెట్రోల్‌ని వదిలేసి నీళ్ళలోకి దిగిపోతుంది, కింది పొర పెరుగుతుంది. ఆయన ట్యాంకులోంచి తీసిన దానికి కింది పొర 20 నుంచి 29కి వచ్చింది. అంటే 80 మిల్లీలీటర్లలో 9, సుమారు 11 శాతం. ఆయన పోయించే బంకులోనే మామూలు పెట్రోల్ విడిగా తెచ్చి చూస్తే పొర 36కి పెరిగింది, 80లో 16, సరిగ్గా 20 శాతం. ల్యాబ్ లెక్క కాదు, ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఉంటుంది. అయినా సగం సగం కలిపితే 11 వచ్చిందంటే ఆయన పోయించే 100 రకంలో ఇథనాల్ దాదాపు లేదన్నమాట.

ఈ ఒక్క పరీక్షతో సగం కేసు తేలిపోయింది. ఎలాగంటే, మామూలు పెట్రోల్ అంటే ఇంకా 91 అనే అందరి బుర్రల్లో ఉంది, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చినప్పుడు కనీసం 91 ఉన్నమాట నిజమే. ఇథనాల్ ఆర్ఓఎన్ 108 దాకా ఉంటుంది కాబట్టి 20 శాతం కలిశాక నంబర్ పైకి పోతుంది. ఈ-20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, వచ్చాక మామూలు పెట్రోల్ ఆర్ఓఎన్ 95కి చేరిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే ప్రకటన ఇచ్చింది. అంటే ఈయన ట్యాంకులో సగం 95, సగం 100, మొత్తమ్మీద 97 చుట్టుపక్కల ఉంది. స్టిక్కర్ కోరింది 95. కంపెనీ కోరినదానికంటే మంచి పెట్రోల్ తాగుతూ కూడా ఇంజిన్ ఏడున్నర డిగ్రీలు వెనక్కి లాగుతోందంటే లోపం పెట్రోల్‌ది కాదు. మొత్తం 100 పోయించినా డబ్బు తగలబడేదే తప్ప కారణం అక్కడ లేదు.

ఇక ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ తన మామూలు లెక్క మీద పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపే అంకె. కారు ఈ-20కి తయారైంది కాదు, ఇథనాల్‌కి గాలి తక్కువ చాలు, మామూలు పెట్రోల్‌కి ఒక పాలుకి 14.7 పాళ్ళ గాలి అయితే ఇథనాల్‌కి 9. కాబట్టి కంప్యూటర్ పెట్రోల్ కొంచెం ఎక్కువ చిమ్మాలి, ట్రిమ్ ప్లస్‌లో కనిపించాలి. అది సహజం. అయితే ఇథనాల్ వల్ల వచ్చే ప్లస్ ఐడిల్‌లోనూ హైవే మీదా దాదాపు ఒకేలా ఉంటుంది. ఈ బండిలో హైవే స్పీడులో ప్లస్ 4, ఐడిల్‌లో ప్లస్ 15. హైవేలో కనిపించిన నాలుగు ఇథనాల్‌ది, ఐడిల్‌లో అదనంగా ఉన్న పదకొండు మాత్రం ఎక్కడో గాలిని కొలిచే మీటర్‌కి చిక్కకుండా దొంగ గాలి వస్తోందని చెబుతోంది. మెకానిక్ మిత్రులకి ఒక మాట: ఈ-20 వచ్చాక ప్లస్ ట్రిమ్ కనిపించగానే "ఇథనాల్ వల్లే సార్, అన్ని బండ్లకీ ఇంతే" అని వదిలేయడం అలవాటైపోయింది. ఐడిల్, హైవే రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఆ మాట అనకండి.

దొంగ గాలి ఎక్కడిదో కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఐడిల్‌లో సన్నగా ఈల వినిపిస్తోంది. ఆయిల్ పోసే మూత తిప్పితే రావడం లేదు, లోపలినుంచి గట్టిగా లాగుతోంది. డిప్‌స్టిక్ కొంచెం పైకి లేపగానే ఈల ఆగిపోయింది. పీసీవీ, అంటే క్రాంక్‌కేస్‌లో పోగయ్యే ఆవిరిని మళ్ళీ ఇన్‌టేక్‌లోకి పంపే వాల్వ్, దాని లోపలి రబ్బరు డయాఫ్రమ్ చిరిగిపోయింది. విప్పి చూస్తే అంచు పొడవునా చీలిక, బూస్ట్ వచ్చినప్పుడు మూసుకోవాల్సిన చెక్ వాల్వ్ కూడా సరిగ్గా కూర్చోవడం లేదు. అప్పుడు లెక్చరర్ గారిని అడిగాను, ఆయిల్ ఏమైనా తగ్గుతోందా అని. "సర్వీస్‌కి సర్వీస్‌కి మధ్య ఒక లీటరు పోయిస్తాను, పాత బండి కదా మామూలే అన్నారు" అన్నారు. ఆ ఆయిల్ అంతా ఇన్‌టేక్‌లోకే పోతోంది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కింది పైపు ఊడదీస్తే టీ గ్లాసు నిండేంత ఆయిల్ కారింది. టర్బో లీకేమోనని షాఫ్ట్ ఆట కూడా చూశాను, బాగానే ఉంది.

ఇంజిన్ ఆయిల్ ఆక్టేన్ చాలా తక్కువ. గాలితో కలిసి ఆవిరిగా లోపలికి వెళితే ట్యాంకులో మీరు పోసిన నంబర్ సిలిండర్‌లోకి వచ్చేసరికి మిగలదు. ఆయిల్ పూసుకున్న ఇంటర్‌కూలర్ గాలిని సరిగ్గా చల్లబరచదు కూడా, 61 డిగ్రీల ఇన్‌టేక్ వేడిలో దాని వాటా ఉంది. పైగా డైరెక్ట్ ఇంజెక్షన్ బండిలో ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోల్ పడదు, కడిగేది లేదు, ఈ ఆయిలే కాలి మందంగా కార్బన్ కట్టి ఉంది.

ప్లగ్గులు తీసినప్పుడు చూసింది చెప్పాలి. మూడో సిలిండర్ ప్లగ్ తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు, వెలుతురులో తిప్పితే వాటి మధ్య ఒకటి రెండు మెరిసే చుక్కలు. ఆ మెరుపు పిస్టన్ అల్యూమినియం. నాకింగ్ పిస్టన్‌ని గీరడం మొదలుపెట్టిందని దానర్థం. స్కానర్‌లో ఎక్కువ వెనక్కి లాగింది ఇదే సిలిండర్. లెక్చరర్ గారికి లెన్సులో చూపించాను. ఇంకొన్నాళ్ళు 100 పోసుకుంటూ శబ్దం తగ్గిందని తిరిగి ఉంటే హెడ్ విప్పాల్సిన ఖర్చుకి వచ్చేది. కంప్రెషన్ కొట్టి చూస్తే నాలుగూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి, ఆ మేరకు అదృష్టం.

చేసిన పని: పీసీవీ మొత్తం కొత్తది, ఇంటర్‌కూలర్ విప్పి పైపులతో సహా కడగడం, నాలుగు ప్లగ్గులు కంపెనీ చెప్పిన హీట్ రేంజ్‌వే కొత్తవి. వాల్వుల కార్బన్ వాల్‌నట్ పొడితో కొట్టించాం. ఆయిల్ మాన్యువల్ చెప్పిన గ్రేడే, ఏపీఐ ఎస్పీ (ఆయిల్ నాణ్యత ప్రమాణం) ఉన్నది చూసి పోశాను. ఎస్పీ ఎందుకంటే, చిన్న టర్బోల్లో తక్కువ ఆర్పీఎం మీద ప్లగ్ కంటే ముందే మిశ్రమం అంటుకునే ఇంకో జబ్బు ఉంది, ఎల్ఎస్‌పీఐ అంటారు, ఒక్క దెబ్బకి పిస్టన్ పగలగొట్టగలదు, అది ఆక్టేన్ పెంచితే తగ్గేది కాదు, ఆయిల్‌తో చాలా సంబంధం ఉంది. ఈయనకి నాలుగో గేర్‌లో నలభై స్పీడులో ఉండి యాక్సిలరేటర్ మొత్తం తొక్కే అలవాటు ఉంది, మైలేజ్ కోసమట. గేర్ దించి తొక్కమని గట్టిగా చెప్పాను. ఈ-20 సంగతికి విడిగా ఫ్యూయల్ లైన్ రబ్బర్లు కూడా చూశాను, ట్యాంకు దగ్గర ఒక గొట్టం గట్టిపడి ఉంటే మార్చాను.

తర్వాత ట్యాంకు ఖాళీ చేసి మామూలు ఈ-20 మాత్రమే పోసి, అదే రోడ్డు, అదే గేర్, బయట మళ్ళీ 40 దగ్గరే. నాలుగు సిలిండర్లూ 1.5 నుంచి 3 డిగ్రీల మధ్య. ఇన్‌టేక్ గాలి 52. ఐడిల్ ట్రిమ్ ప్లస్ 7, హైవే ప్లస్ 6, రెండూ ఒకచోటికి వచ్చాయి. ఇది 20 శాతం ఇథనాల్ చెప్పే నంబరే. శబ్దం లేదు. సగం 100 మీద ఏడున్నర లాగిన బండి మామూలు పెట్రోల్ మీద మూడు దాటలేదు.

మరి 100 పనికిరాదా? వస్తుంది. రిపేర్ అయ్యాక మళ్ళీ 97 మిక్స్ పోసి చూస్తే టైమింగ్ వెనక్కి లాగడం 0 నుంచి 0.75లోకి దిగింది. అంటే ఈ ఇంజిన్ ఎండలో, పూర్తి లోడ్‌లో 97ని నిజంగా వాడుకుంటుంది. దానికి ఎంత పెట్టాలో లెక్క చూద్దాం, ఎందుకంటే కలపడంలో అందరూ తప్పేది ఇక్కడే.

కలిపిన ఆక్టేన్ సుమారుగా లీటర్ల నిష్పత్తి ప్రకారమే వస్తుంది. ఇథనాల్ ఉన్నప్పుడు కచ్చితంగా సరళరేఖలో పోదు, మన అవసరానికి చాలు. 95కీ 100కీ మధ్య 97 కావాలంటే రెండుని ఐదుతో భాగించాలి, 40 శాతం 100 కావాలి. ఇక్కడ ట్యాంకులో మిగిలినది మర్చిపోకూడదు. 50 లీటర్ల ట్యాంకులో 10 లీటర్లు మామూలుది మిగిలి ఉంటే, మొత్తం 50కి 40 శాతం అంటే 20 లీటర్లు 100, మిగతా 20 లీటర్లు మామూలుది పోయాలి. పోసే 40కే 40 శాతం లెక్కేసి 16 లీటర్లు పోస్తే 97 రాదు. పాత చార్టులు ఇప్పటికీ 91 అనుకుని లెక్కలు చెబుతున్నాయి, వాటి ప్రకారం 95 రావడానికి 44 శాతం 100 కలపాలి. ఈ-20 పోయించుకునేవాళ్ళకి ఆ ఖర్చు శుద్ధ దండగ, 95 ఇప్పటికే నాజిల్‌లో ఉంది.

ఇక డబ్బు. అప్పటికి హైదరాబాద్‌లో మామూలుది లీటరు సుమారు రూ. 107.50, 100 రకం రూ. 160 దగ్గర. 97 మిక్స్ లీటరుకు సగటున రూ. 128.50 పడుతుంది. లెక్చరర్ గారు ప్రతి ఫిల్లింగ్ డైరీలో రాసుకుంటారు. రిపేర్ తర్వాత మామూలు పెట్రోల్ మీద లీటరుకు 11.5 కిలోమీటర్లు, మిక్స్ మీద 12 వచ్చింది. కిలోమీటరుకు రూ. 9.35 ఒకటి, రూ. 10.70 ఇంకోటి. 100 పోస్తే మైలేజ్ పెరుగుతుందనే మాటలో నిజం ఉంది, కాకపోతే అందులో ఎక్కువ భాగం ఆక్టేన్ చలవ కాదు. లీటరు ఇథనాల్‌లో 21 మెగాజౌళ్ళ శక్తి, లీటరు పెట్రోల్‌లో సుమారు 32. ఇథనాల్ లేని 100 కలిపితే ట్యాంకులో ఇథనాల్ వాటా తగ్గి శక్తి కొంచెం పెరుగుతుంది, మిగతాది టైమింగ్ ముందుకి రావడం వల్ల. రెండూ కలిపినా రేటు తేడాని పూడ్చలేవు.

అందుకే ఆయనకి చెప్పింది ఇది. ఊళ్ళో ఏడాది పొడవునా మామూలుదే. ఏప్రిల్, మే నెలల్లో ఐదుగురితో, సామానుతో శ్రీశైలం లాంటి ఘాట్ ఎక్కేటప్పుడు బయల్దేరే ముందు ట్యాంకు పావులోకి వచ్చాక 100 ముందు, మామూలుది తర్వాత పోయించుకోవాలి. ఒక పెట్రోల్ ఇంకోదానితో పూర్తిగా కలిసిపోతుంది, రెండోసారి పోసే ధారే ట్యాంకులో కలిపేస్తుంది. అమెరికాలో చాలా పంపుల్లో 89 అనే మధ్య రకం విడిగా ఉండదు, పంపే రెండు ట్యాంకులనుంచి లాగి కలిపి ఇస్తుంది. అయితే లైన్లలో పాత పెట్రోల్ అయిపోవాలి, కంప్యూటర్ టైమింగ్ నేర్చుకోవాలి, కాబట్టి ఘాట్ కింద బంకులో కాకుండా ఇంటి దగ్గరే పోయించుకుంటే మంచిది. డబ్బాల్లో, ప్లాస్టిక్ క్యాన్లలో 100 కొని డిక్కీలో పెట్టుకుని ఎక్కడో కలుపుకుంటామనే వాళ్ళున్నారు. ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే అది, వద్దు.

ఆక్టేన్ బూస్టర్ సీసాలు కూడా ఆయన దగ్గర రెండు ఉన్నాయి. "మూడు పాయింట్లు పెంచుతుంది" అని రాసినచోట పాయింట్ అంటే చాలా వాటిలో 0.1 మాత్రమే, మూడు పాయింట్లంటే 0.3 ఆక్టేన్. గట్టిగా పెంచే వాటిలో మాంగనీస్ లేదా ఇనుము ఉంటుంది, ప్లగ్గుల మీద ఎర్రటి పూత కడుతుంది, తర్వాత మిస్ ఫైర్. విమానాల 100 పెట్రోల్ దొరుకుతుందని ఎవరైనా చెబితే దగ్గరికి పోకండి, అందులో సీసం ఉంటుంది, ఒక్క ట్యాంకుతోనే ఆక్సిజన్ సెన్సర్‌నీ క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ దెబ్బతీయగలదు. మన దేశంలో సీసం పెట్రోల్‌ని 2000 ఫిబ్రవరికే ఆపేశారు, ఇప్పటి బండ్లలో ఏదీ దానికి తగ్గట్టు చేసింది కాదు.

టర్బో లేని చిన్న కార్ల వాళ్ళకి ఒక్క మాట. మాన్యువల్ 91 చాలంటే ఈ-20 ఇప్పటికే దానికి పైన ఉంది, 100 పోసినా ఆ ఇంజిన్ ముందుకి జరుపుకునే టైమింగ్ పెద్దగా ఉండదు. ఆ డబ్బుతో ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చుకోండి.

ఈ బండి వానాకాలం మొదట్లో మళ్ళీ చెకప్‌కి వచ్చింది. మామూలు పెట్రోల్ మీదే తిరుగుతోంది, మూడో సిలిండర్ 2.25కి మించడం లేదు, ఆయిల్ డిప్‌స్టిక్ మీద గీత దాదాపు కదల్లేదు. మూడో ప్లగ్ మళ్ళీ తీసి లెన్సులో చూశాను, పింగాణీ శుభ్రంగా ఉంది. తర్వాతి సర్వీస్‌లో సిలిండర్ లోపలికి కెమెరా దించి ఆ పిస్టన్ పైభాగం అంచులు చూస్తానని చెప్పాను, అప్పటిదాకా ఘాట్ ట్రిప్ ఉంటే తప్ప 100 పోయించొద్దన్నాను.